గోడమీది క్రొత్త సాలెపురుగు

మానవుడు ఇల్లు కట్టుకొన్ననాటి నుండియు సాలెపురుగు అతనితో కాపురము చేయుచునే యున్నది. నిజామాబాదు ఖిల్లా వైపునగల పాత గూనపెంకుల యిండ్లలోను, క్రొత్తగా లేచిన మేడలలోను, బోధను చుట్టునున్న పల్లెల పశువుల కొట్టములలోను అది కానరాని మూల లేదు. పండుగ వచ్చుచున్నదనగా మనము బూజుకర్ర పట్టి యిల్లంతయు దులుపుదుము. నాలుగు దినములు గడచునో లేదో ఆ మూలనే మరల దారము వ్రేలాడుచుండును. ఇంతగా మనతో కలిసి బ్రతుకు ప్రాణిని గూర్చి మన మెరిగినది మాత్రము మిక్కిలి తక్కువ. రాత్రివేళ దీపము వెలిగింపగానే ఎన్నడును చూడని సాలెపురుగు గోడమీద కనబడినచో, "చీపురెక్కడ?" అని కేక వేయువారు నూర్గురు, "ఇది యేది?" అని యడుగువారు ఒక్కరు. ఆ రెండవ ప్రశ్నను ఎట్లు అడుగవలెనో, దానికి సమాధానమును ఎట్లు వెదకుకొనవలెనో, ఆ సమాధానము మనకెందుకు కావలెనో ఈ పాఠమున తెలిసికొందము.

సాలె యనగా నేతగాడు. దారము తీసి, వల యల్లు ఈ ప్రాణికి తెలుగువారు నేతగాని పేరు పెట్టిరి. సంస్కృతమున దీనికి లూత యనియు, ఊర్ణనాభమనియు పేర్లు కలవు. ఊర్ణనాభమనగా నాభియందు ఉన్ని గలది. దారము పొట్టనుండి వచ్చునని పూర్వులు చక్కగా గమనించిరి. అయితే అది వచ్చునది బొడ్డునుండి కాదు, పొట్ట చివరనుండు చిన్న మొటికలవంటి యవయవముల నుండి. శ్రీకాళహస్తి యను క్షేత్రనామములోని 'శ్రీ' సాలెపురుగేయని మీరు వినియుందురు. కాళము పాము, హస్తి యేనుగు. ఈ మూడును శివుని సేవించి ముక్తి పొందినట్లు ధూర్జటి మహాకవి తన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున వర్ణించెను. మన సాహిత్యమున ఇంతటి గౌరవము నొందిన ప్రాణి మన గోడమీద మాత్రము చీపురు దెబ్బకు పాత్రమగుచున్నది.

పేరులో 'పురుగు' అని యున్నను సాలెపురుగు కీటకజాతిలోనిది కాదు. చీమ, ఈగ, బొద్దింక, తేనెటీగ - ఇవి కీటకములు. వీనికి ఆరు కాళ్ళు. తల, రొమ్ము, పొట్ట యను మూడు భాగములు. తలపై రెండు మీసములు. సాలెపురుగునకు ఎనిమిది కాళ్ళు; శరీరము రెండే భాగములు. తలయు రొమ్మును ఒక్కటిగా కలిసి ముందు భాగమగును. పొట్ట వెనుక భాగమగును. సన్నని నడుము ఈ రెంటిని కలుపును. దానికి మీసములు లేవు. రెక్కలు ఎన్నటికిని రావు. నోటికి ఇరుప్రక్కల పొట్టి కాళ్ళవలె కనబడు రెండు స్పర్శాంగములు కలవు. వీనిని గూడ లెక్కించి, కాళ్ళు పది యని భ్రమపడరాదు.

ఎనిమిది కాళ్ళున్నవన్నియు సాలెపురుగులును కావు. తేలునకు ఎనిమిది కాళ్ళే. కాని దానికి పట్టుకారులవంటి చేతులును, కొండి గల తోకయు కలవు. పశువులను పట్టి పీడించు గోమారికిని ఎనిమిది కాళ్ళే. కాని దాని యొడలు ఒక్క సంచివలె నుండును, నడుము కానరాదు. కావున మొదట కాళ్ళు లెక్కించి, పిమ్మట నడుము చూడవలెను. ఈ రెండును సరిపోయినచో అది సాలెపురుగే.

కాని యే సాలెపురుగు? సాలెపురుగులకు శాస్త్రీయముగా పేర్లు పెట్టు పద్ధతి 1757వ సంవత్సరమున స్వీడను దేశస్థుడైన కార్ల్ క్లెర్క్ వ్రాసిన గ్రంథముతో మొదలయ్యెను. నాటినుండి పేరు పెట్టబడిన జాతుల సంఖ్య 2022లో 50,000 చేరినది. మన దేశమునందే 1,800కు పైగా జాతులు కలవు. ఇన్నింటిలో మన గోడమీది దానిని కనుగొనుట సముద్రమున ముత్యమును వెదకుటవలె తోచును. అయితే ఊరు తెలియనివాని యిల్లు మనమెట్లు కనుగొందుము? మొదట వాడ యడుగుదుము, పిదప వీధి, ఆ పిదప ఇల్లు. జంతుశాస్త్రమునందును అదే వరుస. మొదట కుటుంబము, పిదప ప్రజాతి, ఆ పిదప జాతి. కుటుంబము తెలిసినచో దాని నడవడి చాలవరకు తెలిసినట్లే. గృహస్థునకు సాధారణముగా అంతకు మించి యవసరముండదు.

కుటుంబమును తెలిసికొనుటకు ఐదు ప్రశ్నలు వేసికొనవలెను. ఎక్కడ కనబడినది? వల కట్టినదా, కట్టినచో అది యెట్టిది? ఎట్లు కూర్చుండును, ఎట్లు కదలును? కన్నులెట్లున్నవి? తల్లి గ్రుడ్లను ఎచ్చట దాచుకొనును? రంగును, పరిమాణమును చివరకు చూడవలెను. ఏలయన ఒకే జాతిలో పిల్లకొక రంగు, పెద్దదానికొక రంగు, మగదానికొకటి, ఆడుదానికొకటి యుండవచ్చును. కుబుసము విడిచిన వెంటనే పాలిపోయి కనబడును. కాళ్ళు పెద్దవైనంత మాత్రమున విషము పెద్దది కాదు. తెలియనివారు మొదట చూచునవి ఈ రెండే కావుననే పొరపాట్లు ఎక్కువగా జరుగుచున్నవి.

ఇక మన యింటిలోనివారిని ఒక్కొక్కరిని పరిచయము చేసికొందము.

రాత్రివేళ గోడమీద కనబడి జనులను మిక్కిలి భయపెట్టునది వేట సాలెపురుగు. దీని శాస్త్రనామము హెటెరోపోడా వెనటోరియా. కాళ్ళు చాచినపుడు ఇది పెద్దవారి యరచేతి వెడల్పు నాక్రమించును. గోధుమవన్నె యొడలు, అట్టవలె చదునైన దేహము. కాళ్ళు ఎండ్రకాయ కాళ్ళవలె ప్రక్కలకు చాచి యుండును. కాలెండరు వెనుక సందులోను, తలుపు రెక్క వెనుకను దూరి పగలంతయు కదలక యుండును. ఇది వల కట్టదు. చీకటి పడినంతనే బయలుదేరి పరుగెత్తి పట్టుకొని తినును. దీని ముఖ్యాహారము బొద్దింక. వంటయింట మనము మందు చల్లి చంపజూచు బొద్దింకను ఇది ఖర్చులేకయే పట్టుచున్నది. ఓడల సరకులతోను, అరటి గెలలతోను ప్రయాణముచేసి ఇది ఉష్ణదేశములన్నింటను స్థిరపడినది. చేత పట్టి నొక్కినపుడు కరవవచ్చును. నొప్పియు, కొంచెము వాపును కలిగి తగ్గిపోవును. తనంతట తాను మనిషిపైకి రాదు.

పైకప్పు మూలలందు తలక్రిందుగా వ్రేలాడుచు, వెండ్రుకలవంటి పొడవైన కాళ్ళతో కనబడునది వేరొక కుటుంబము. మన మూలల బూజునందు చాల భాగము దీని పాత వలలే. ఈ వలకు చక్రమువంటి యమరిక లేదు. చిక్కుపడిన దారపు పోగువలె నుండును. దీనిని గుర్తించుటకు చక్కని పరీక్ష యొకటి కలదు. పుల్లతో వలను మెల్లగా తాకినచో ఇది తన దేహమును ఎంత వేగముగా ఊపుననగా, మన కంటికి రూపము చెదరి మసకగా కనబడును. పక్షికిగాని బల్లికిగాని గురి చిక్కకుండుటకే ఈ యుపాయము. దోమలు దీని వలలో విరివిగా చిక్కును.

పట్టపగలు కిటికీ కమ్మిమీదను, గోడమీదను గెంతులు వేయు చిన్న సాలెపురుగును మీరందరును చూచియే యుందురు. ఇది గెంతు సాలెపురుగు. ఒడలు ఒక సెంటీమీటరునకు మించదు, కాళ్ళు పొట్టివి. దీని కన్నులే దీని గుర్తు. ఎనిమిది కన్నులలో ముందరి రెండును మోటారుబండి దీపములవలె పెద్దవై మెరయుచుండును. మీరు వ్రేలు కదిపినచో ఇది మీ వైపు తిరిగి చూచును. ఇంత చక్కగా మనలను చూచు సాలెపురుగు మరియొకటి లేదు. ఈగపై దూకుటకు ముందు తాను నిలిచిన చోట ఒక దారమును అంటించును. గురి తప్పినను క్రిందపడక ఆ దారమును పట్టుకొని మరల పైకి వచ్చును.

నాలుగవది కంటికి ఆననంత చిన్నది. సున్నపు గోడమీద గోరంత తెల్లని మచ్చవలె నక్షత్రాకారపు పలుచని గూడు కనబడును. దానిక్రింద రెండు మూడు మిల్లీమీటర్ల సాలెపురుగు దాగియుండును. దాని ప్రధానాహారము చీమలు. చీమ దగ్గరకు రాగానే దాని చుట్టు గిరగిర తిరుగుచు దారముతో చుట్టి బంధించును. చీమకు తిరుగబడు అవకాశమే యుండదు.

ఇప్పుడు ఇల్లు దాటి వెలుపలికి పోదము. బోధను ప్రాంతము నీటిపారుదల గల నేల. మంజీరా నదిపై 1931లో నిజాంసాగరు నిర్మాణము పూర్తియైన పిమ్మట ఆ కాలువల క్రింద వరియు చెరకును విస్తరించినవి. 1937లో శక్కర్‌నగరునందు చక్కెర కర్మాగారము వెలసెను. అది 2015లో మూతపడినది; అయినను కాలువల వెంట చెరకు, వరి, పసుపు పొలములలో సాలెపురుగుల కొలువు మాత్రము ఎన్నడును మూతపడలేదు.

మంచు పడిన చలికాలపు టుదయమున పొలముగట్లపై నడచినచో గడ్డిమీద తెల్లని వస్త్రము పరచినట్లు వలలు కనబడును. ప్రతి వలకును ఒక ప్రక్క గరాటువంటి రంధ్రముండును. ఆ రంధ్రమునందు తోడేటి సాలెపురుగు కుటుంబములోనిది పొంచియుండును. అదే కుటుంబములోని మరికొన్ని వల కట్టక, వరి దుబ్బులమధ్య నేలపై పరుగెత్తి వేటాడును. రాత్రివేళ టార్చిలైటు వేసి చూచినచో వీని కన్నులు గాజుముక్కలవలె తళతళ మెరయును.

కంచెలయందును, పూలమొక్కలయందును చక్రమువంటి వల నడుమ పసుపుచారల పొట్టతో కూర్చుండునది సంతకపు సాలెపురుగు. ఎనిమిది కాళ్ళను రెండు రెండుగా జతచేసి గుణకారపు గుర్తువలె చాచి కూర్చుండును. ఆ కాళ్ళకు నేరుగా వలమీద మెలికల దారముతో తెల్లని గీతలు గీయును. అవి వలపై చేసిన సంతకమువలె నుండుటచే దానికాపేరు వచ్చినది. ఈ గీతలు పురుగుల నాకర్షించుటకని కొందరును, పక్షులు వలను చించకుండ హెచ్చరించుటకని కొందరును శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ వాదము ఇంకను తీరలేదు.

తుమ్మచెట్ల కొమ్మలకు ఎండుటాకులతో కలిసి బూడిదరంగు గుడ్డపేలికవలె వ్రేలాడు పెద్ద గూడు కనబడినచో, అది ఒక్క సాలెపురుగుది కాదు, ఒక గ్రామము. పదులు, వందల కొలది చిన్న సాలెపురుగులు అందు ఉమ్మడిగా నివసించును. సాలెపురుగులలో ఇట్టి సంఘజీవనము చాల యరుదు. పెద్ద మిడుత చిక్కినపుడు అన్నియు కలిసి దానిని లోబరచుకొని పంచుకొని తినును. స్టెగోడైఫస్ సరసినోరమ్ అను ఈ జాతిపై చిత్తూరు జిల్లాలోని కుప్పము ప్రాంతమున డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞులు సహితము వచ్చి పరిశోధనలు చేసిరి.

గ్రుడ్లను మోయు తీరునుబట్టి కుటుంబమును గుర్తించుట మిక్కిలి సులభము. వేట సాలెపురుగు తల్లి తెల్లని బిళ్ళవంటి గ్రుడ్ల సంచిని రొమ్ముక్రింద అదిమి పట్టుకొనును. పొడవు కాళ్ళ మూల సాలెపురుగు తల్లి కొద్దిపాటి గ్రుడ్లను సన్నని దారముతో చుట్టి నోట కరచుకొని యుండును. తోడేటి సాలెపురుగు తల్లి గుండ్రని సంచిని పొట్ట చివర తగిలించుకొని యీడ్చుకొని పోవును; పిల్లలు వెలువడిన పిమ్మట వానిని వీపుపై మోయును. రొమ్ముక్రింద, నోట, వెనుక - ఈ మూడు మాటలు జ్ఞాపకముంచుకొన్నచో మూడు కుటుంబములు గుర్తున్నట్లే.

"ఎక్కడ కనబడినది?" యను మొదటి ప్రశ్నను మాత్రము జాగ్రత్తగా వాడవలెను. అది యొక్కొక్కప్పుడు త్రోవ తప్పించును. దీనికి తెలుగునేలపై జరిగిన ఒక వృత్తాంతము నిదర్శనము. 1899లో ఆర్. ఐ. పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక వింత సాలెపురుగును వర్ణించి పోసిలోథీరియా మెటాలికా యని నామకరణము చేసెను. అది యరచేతి యంత పెద్దది. నెమలికంఠమువలె నీలముగా మెరయునది. ఆయనకు లభించినది ఒకే యొక మచ్చు. అది అనంతపురము జిల్లా గుత్తిలోని రైల్వే కలపడిపోలో దొరకినది. కావున దానికి గుత్తి సాలెపురుగు అనియే లోకమున పేరు నిలిచెను. కాని ఆ తరువాత నూరేండ్లకు పైగా అది శాస్త్రజ్ఞులకు కనబడలేదు. తుదకు 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న యడవిలో, పాత చెట్ల తొఱ్ఱలయందు, దానిని మరల కనుగొనిరి. గుత్తికి ఆ యడవి సుమారు నూరు కిలోమీటర్ల దూరము. అడవిలో నరికిన దుంగతోపాటు ఆ మొదటి సాలెపురుగు రైలెక్కి గుత్తి చేరియుండునని పండితుల యభిప్రాయము. దాని నిజమైన యిల్లు చిన్న యటవీభాగము మాత్రమే కావున, 2008లో అది అంతరించిపోవు తీవ్రప్రమాదమున నున్న జాతిగా ప్రకటింపబడెను.

ఈ కథనుండి మనము గ్రహింపవలసిన దేమి? దొరకిన చోటు వేరు, నివసించు చోటు వేరు. చెరకు బండిపైనను, వంటచెరకు మోపులోనను, పసుపు బస్తాల సందునను పొలములోని సాలెపురుగు పట్టణమునకు రావచ్చును. అంతియే కాదు. గ్రుడ్లనుండి వెలువడిన చిన్న పిల్లలు గడ్డిపరక కొన కెక్కి, సన్నని దారమును గాలిలోనికి వదలి, దానితోపాటు ఎగిరిపోవును. 1832లో చార్లెస్ డార్విన్ బీగిల్ నౌకపై నుండగా, తీరమునకు అరువది మైళ్ళ దూరమున సముద్రముపై ఇట్టి సాలెపురుగులు నౌక త్రాళ్ళపై వ్రాలుట చూచెను. కావున క్రొత్తది కనబడినపుడు, ఇంటిలోనికి ఈ మధ్య ఏ సరకులు వచ్చినవో కూడ విచారింపవలెను.

ఇంతవరకు గుర్తించు విధమును చెప్పుకొంటిమి. గుర్తించకున్నచో కలుగు నష్టమేమి? ఇదియే ముఖ్యమైన విషయము.

దాదాపు సాలెపురుగులన్నింటికిని విషము కలదు. అది చిన్న పురుగులను లొంగదీయుటకు. మనుష్యునకు నిజముగా హాని చేయగలవి మిక్కిలి కొద్ది. వానిలో ముఖ్యమైనది విధవ సాలెపురుగు అను పేరుగల ప్రజాతి. ఆడుదాని పొట్ట నున్నగా బఠాణీ గింజవలె గుండ్రముగా నుండును. చాల జాతులలో పొట్ట యడుగున ఎఱ్ఱని లేక నారింజవన్నె మచ్చ, ఇసుక గడియారము ఆకారమున కనబడును. ఈ ప్రజాతిలోని జాతులు కొన్ని భారతదేశమునను ఉన్నవి. అయితే మన యిండ్లలో ఎఱ్ఱని కాళ్ళతో, గుండ్రని పొట్టతో కనబడు సాధుజాతి యింకొకటి కలదు. అడుగుమచ్చ చూడనివారు దానినే విధవ సాలెపురుగని భయపడుదురు. ఒకవేళ కరచినపుడు నొప్పి యొడలంతయు ప్రాకుట, కండరములు పట్టివేయుట, చెమట పోయుట, ఊపిరి యాడకుండుట వంటివి కలిగినచో ఆలస్యము చేయక వైద్యాలయమునకు పోవలెను. సాధ్యమైనచో ఆ సాలెపురుగును సీసాలో నుంచి తీసికొనిపోవుట మేలు.

దీనికంటె తరచుగా జరుగు పొరపాటు వేరొకటి కలదు. ఒడలిపై మంటతో పొక్కులు లేచినపుడు "సాలెపురుగు ప్రాకినది" యనుట పలుచోట్ల వాడుక. సాలెపురుగు ఒంటిపై ప్రాకినంత మాత్రమున పొక్కులు రావు. అవి రెండు కారణములచే వచ్చుట కద్దు. మొదటిది ఒక చిన్న కీటకము. ఎఱుపు, నలుపు పట్టెలతో సన్నగా నుండు ఈ పురుగు వరిపొలములలో పుట్టి, వానల తరువాత దీపము వెలుగునకు ఇండ్లలోనికి వచ్చును. ఇది కరవదు, కుట్టదు. కాని మెడమీద వ్రాలినపుడు మనము నలిపినచో దాని రసము తగిలి, ఒకటి రెండు దినములలో కొరడాతో కొట్టినట్లు చారగా మంటపొక్కులు లేచును. నలపక ఊది తోలివేయుట, తగిలిన చోటును సబ్బుతో కడుగుట - ఇవే దీనికి జాగ్రత్తలు. రెండవది సర్పి. చిన్ననాట ఆటలమ్మ కలిగించిన సూక్ష్మజీవియే నరములలో దాగియుండి, ఏండ్లు గడచిన పిమ్మట మేలుకొని, ఒడలికి ఒకే ప్రక్క పట్టీవలె పొక్కులను లేపును. దీనికి నేడు మంచి మందులు కలవు. అవి మొదటి మూడు దినములలో వాడినపుడే బాగుగా పని చేయును. సాలెపురుగును నిందించుచు, పసరులు పూయుచు ఆ మూడు దినములను పోగొట్టుకొన్న వృద్ధులు నెలల తరబడి నరముల నొప్పితో బాధపడుట కలదు. ఒక పేరు తప్పుగా చెప్పినందున కలిగిన ఫలమిది!

2012లో అస్సాం రాష్ట్రమునందలి సదియా పట్టణమున ఇంతకంటె పెద్ద కలవరము కలిగెను. పెద్ద సాలెపురుగులు దండెత్తి కరచుచున్నవని వార్త వ్యాపించెను. ఇరువురు మరణించిరి. వారిని ముందుగా నాటువైద్యుల యొద్దకు తీసికొనిపోగా, కరచిన చోట బ్లేడుతో కోసి రక్తము తీసిరి. పిదప వచ్చిన శాస్త్రజ్ఞులు ఆ మరణములకు సాలెపురుగే కారణమని నిరూపింపలేకపోయిరి. భయము ముందు నడచి, విచారణ వెనుక వచ్చినపుడు ఇట్లే జరుగును.

నష్టము మన యొడలితోనే ఆగదు. చెరకు ఆకుల రసము పీల్చు పైరిల్లా దోమలను, వరిని మాడ్చివేయు సుడిదోమలను పొలములోని సాలెపురుగులు పగలు రాత్రి తినుచుండును. చిన్న పురుగు కనబడగానే విచ్చలవిడిగా మందు చల్లినచో మొదట చచ్చునది పైరుకు కాపలాయున్న సాలెపురుగు. పురుగులు మరల పుట్టుకొని వచ్చును. కాపలాదారు అంత త్వరగా తిరిగిరాదు. కావున రైతు తన పొలములోని మేలు ప్రాణిని, కీడు ప్రాణిని వేరుచేసి చూడగలుగుట అతని పంటకు సంబంధించిన విషయము.

క్రొత్త సాలెపురుగు కనబడినపుడు చేయవలసినది ఇది. చేతితో పట్టరాదు. గాజుగ్లాసును దానిపై బోర్లించి, క్రిందినుండి అట్టముక్కను మెల్లగా జొనుపవలెను. ఇప్పుడది మీకు హాని చేయలేదు, మీరును దానికి హాని చేయలేదు. ప్రక్కన కొలబద్ద నుంచి పైనుండి ఒకటి, ముఖమునకెదురుగా ఒకటి, గాజులోనుండి పొట్ట యడుగున ఒకటి - మూడు ఫొటోలు తీయవలెను. లేనిచో బొమ్మ గీయవలెను. తేదీ, వేళ, చోటు, వల తీరు, కదలిక వ్రాసికొనవలెను. పిమ్మట తోటలో వదలివేయవలెను.

ఇంత చేసియు జాతి పేరు తెలియకపోవచ్చును. అందుకు చిన్నబోవలసిన పనిలేదు. చాల జాతులను నిశ్చయించుటకు మగదాని స్పర్శాంగముల కొనలను, ఆడుదాని పొట్ట యడుగుభాగమును సూక్ష్మదర్శినితో పరీక్షింపవలసియుండును. అది నిపుణుల పని. 1916లో కలకత్తాలో స్థాపింపబడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఇట్టి పనికే యున్నది. దాని ప్రాంతీయ కేంద్రము హైదరాబాదునందు కలదు. ఆ సంస్థలో పనిచేసిన బి. కె. టికాదర్ జీవితమంతయు మన దేశపు సాలెపురుగులను పరిశీలించి 1987లో ఒక కరదీపికను ప్రకటించెను. అంతటి నిపుణులు సైతము చాలినంత యాధారము లేనపుడు "ఈ కుటుంబములోనిది" అని చెప్పి ఆగుదురు. తెలిసినంత చెప్పి, తెలియనిచోట ఆగుట శాస్త్రమునకు మొదటి మర్యాద.

విద్యార్థులారా! ఈ వర్షకాలమున ఒక చిన్న పుస్తకమును కుట్టుకొని మీ యింటి సాలెపురుగులను లెక్కింపుడు. మూలలోని దెవరు, గోడమీది దెవరు, కంచెలోని దెవరు అని వ్రాసికొనుడు. అవ్వగారు "సాలెపురుగు ప్రాకినది" అన్నచో ఆ పొక్కులు చారగా నున్నవో, ఒకే ప్రక్క పట్టీగా నున్నవో చూచి, ఆమెను నాడే వైద్యుని యొద్దకు తీసికొని పొండు. తండ్రిగారు పొలమున మందు చల్లబోవు నాడు, దుబ్బులమధ్య తిరుగు కాపలాదారులను ముందు ఒకసారి వారికి చూపుడు.